జున్ను గట్టిపడే వేళ

రెండు సిరంజిల మూతులు ఎదురెదురుగా బిగించి ఉంటాయి. ఒకదాంట్లో సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ ద్రావణం, రెండోదాంట్లో నీళ్లలో కలిపిన కాల్షియం సల్ఫేట్. ఇటు నొక్కితే అటు, అటు నొక్కితే ఇటు. నాలుగైదుసార్లు తిరిగేసరికి లోపలి ద్రవం చిక్కబడడం మొదలవుతుంది. ఆలస్యం చేస్తే సూదిలోనే బిగుసుకుపోతుంది. తొందరపడితే ఒంట్లోకి వెళ్లాక నీళ్లలా జారిపోతుంది. ఇక గాలిబుడగలు దూరాయా, మళ్లీ మొదటికే. ఈ పని నేర్చుకునే పరిశోధక విద్యార్థి తొలి నెలల్లో పాడుచేసినంత ఆల్జినేట్ ఆ తర్వాత ఎప్పుడూ పాడుచేయడు.

ఇంత తంటా గ్రోత్ ఫ్యాక్టర్ల కోసం. కణాలకు ‘పెరగండి’, ‘ఇటు కదలండి’ అని కబురందించే ప్రొటీన్లివి. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు లాలాజల గ్రంథుల సారం ఎక్కిస్తే రోజులు నిండకముందే కళ్లు తెరిచాయి. ఎందుకా అని తవ్వుకుంటూ వెళ్లిన శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్‌కు ఇ.జి.ఎఫ్. అనే గ్రోత్ ఫ్యాక్టర్ దొరికింది. 1986లో రీటా లెవీ-మోంటాల్చినీతో కలిసి నోబెల్ కూడా వచ్చింది.

కబురు దొరికింది సరే, చేరాల్సిన చోటికి చేర్చేదెలా?

కొత్త రక్తనాళాలు మొలిపించే వి.ఇ.జి.ఎఫ్.ను గుండెజబ్బు ఉన్న 178 మందితో ‘వివా’ అనే ట్రయల్‌లో పరీక్షించారు. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మందు రక్తంలోకి ఎక్కించారు. 60వ రోజున ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూస్తే రెండు వర్గాలకూ తేడా తేలలేదు. ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. ఆ ప్రొటీన్ రక్తంలో పడితే గంటలోపే సగానికి సగం మాయమవుతుంది మరి.

ఎముకల దగ్గర కథ తిరగబడింది. బి.ఎం.పి.-2 అనే ప్రొటీన్‌ను కొల్లాజెన్ స్పాంజిలో నానబెట్టి వెన్నెముక ఆపరేషన్లలో వాడేందుకు అమెరికా 2002లో అనుమతించింది. స్పాంజి దాన్ని గట్టిగా పట్టి ఉంచలేదు కాబట్టి మోతాదు పెంచారు: మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఒంట్లో సహజంగా ఉండేది నానోగ్రాముల లెక్కలో. మిల్లీగ్రాము అంటే 10 లక్షల నానోగ్రాములు! అనుమతి లేకున్నా కొందరు సర్జన్లు మెడ ఆపరేషన్లలోనూ వాడారు. గొంతు వాచి ఊపిరాడని రోగుల గురించి 2008లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. కారే కుండలో నీళ్లు నిలవడం లేదని బిందెలకు బిందెలు కుమ్మరించడం లాంటి వైద్యం ఇది.

శరీరం అలా చేయదు. కణాల చుట్టూ ఉండే హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులు చాలా గ్రోత్ ఫ్యాక్టర్లను అంటిపెట్టుకుని ఉంటాయి. అవసరమైనప్పుడు ఎంజైములు ఆ గొలుసులను కోస్తే కాస్తకాస్తగా వదులుతాయి. సిరంజిల్లోని ఆల్జినేట్ లాంటి నీటి జెల్‌లు, అంటే హైడ్రోజెల్‌లు చేసేవాళ్లు కాపీ కొడుతున్నది ఈ పొదుపునే. ఉత్త జెల్‌తో పని జరగదు. అందులో 90 శాతానికి పైగా నీళ్లే కాబట్టి చిన్న ప్రొటీన్ ఇట్టే బయటపడుతుంది. అందుకే జెల్ పోగులకు హెపరాన్ సల్ఫేట్ లాంటిదే అయిన హెపరిన్ అతికించి, దానికి ప్రొటీన్‌ను తగిలిస్తారు.

మన వైపు కూడా దీనికి ముడిసరుకు ఉంది. భీమవరం చుట్టుపక్కల ఒలిచి పారేసే రొయ్యల పొట్టులాంటి దాన్నుంచే కైటోసాన్ తీస్తారు. దానికి గ్లిసరోఫాస్ఫేట్ కలిపితే చల్లగా ఉన్నంతసేపు పలచగానే ఉంటుంది, ఒంటి వేడికి గట్టిపడుతుంది. ఆవిరి తగిలిన జున్నుపాలు తోడుకున్నట్టే. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ మధుమేహ రోగుల కాలిపుండ్లకు ఇ.జి.ఎఫ్. జెల్‌ను ఎప్పుడో తెచ్చింది కానీ అది పైపూత. సూదితో లోపలికి దింపాల్సిన జెల్‌కు పరీక్షలు వేరు.

వాటిలో మొదటిది చూస్తే నవ్వొస్తుంది. 37 డిగ్రీల నీళ్లలో చిన్న గాజుసీసా పెట్టి, నిమిషానికోసారి తీసి తలకిందులు చేస్తారు. జారితే మళ్లీ నీళ్లలోకి. జారకుండా అడుగునే అంటుకుని వేలాడితే, గడియారం చూసి నోటుబుక్కులో రాసుకుంటారు.