కోడుతో పాటు తాళం చెవి

ఈ వారం పేపర్లలో ఫోన్ల ప్రకటనలు చూస్తే ఒకటే మాట పెద్దక్షరాల్లో కనిపిస్తోంది: ఏడేళ్ల పాటు అప్‌డేట్‌లు. 2023 అక్టోబర్‌లో పిక్సెల్ 8తో గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ ఇచ్చిన హామీ ఇది. మంచిదే. కానీ అది ఖరీదైన ఫోన్ల సంగతి. మన ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో పది పన్నెండు వేలకు కొన్న ఫోన్, రైల్వే క్వార్టర్లలో కొడుకు చేతి నుంచి తండ్రికి, తండ్రి నుంచి అమ్మమ్మకు మారే ఫోన్, ఏడేళ్ల మాట ఎరగదు. బ్యాటరీ మారిస్తే రోజంతా పనిచేస్తుంది, స్క్రీన్ చెక్కు చెదరదు, సెక్యూరిటీ అప్‌డేట్‌లు మాత్రం ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి. కొన్న వస్తువును విప్పి బాగుచేసుకునే హక్కు కొన్నవాడిదేనన్నది ఈ కాలమ్ పాత పట్టు. ఫోన్ విషయంలో ఆ హక్కుకు ఇన్నాళ్లూ నేను అడుగుతూ వచ్చింది ఒక్కటే: కంపెనీలు సోర్స్ కోడ్ బయటపెట్టాలి. అది చేతిలో ఉంటే బయటి డెవలపర్లు కస్టమ్ రోమ్‌లు, అంటే సొంత ఆండ్రాయిడ్ కూర్పులు, కట్టి, కంపెనీ వదిలేసిన ఫోన్‌ను ఇంకొన్నేళ్లు నడిపిస్తారు.

కోడ్ ఇవ్వడం కంపెనీ దయ కాదు, బాకీ. ఆండ్రాయిడ్‌కు అడుగున ఉన్నది లినక్స్ కెర్నల్. దాని లైసెన్సు జీపీఎల్ రెండో వెర్షన్. ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఫోన్లో పెట్టి అమ్ముకోవచ్చు. అమ్మినప్పుడు మాత్రం మార్చిన కోడ్ కూడా వెంట ఇవ్వాలి, లేదా అడిగినవాళ్లకు ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. ఈ బాకీ వసూలైన చోట ఫలితం కళ్లముందే ఉంది. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఉందని తేలి, ఒత్తిడి పెరిగి, కంపెనీ కోడ్ విడుదల చేసింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది ఆ కోడ్ నుంచే. 2014 జులైలో షావోమీ మన దేశంలో ఎంఐ 3 అమ్మకాలు మొదలుపెట్టినప్పుడు కెర్నల్ కోడ్ ఆలస్యం మీద డెవలపర్లు గట్టిగా నిలదీశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆండ్రాయిడ్ వన్ పేరుతో మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ ఫోన్లు వచ్చాయి. వాటిని ఢిల్లీలో విడుదల చేసింది సుందర్ పిచాయ్, 1993లో మన ఐఐటీలోనే మెటలర్జీ చదివి వెళ్లినవాడు. ఆ ఫోన్ల కెర్నల్ కోడ్‌ను గూగుల్ అందరికీ అందుబాటులో పెట్టింది. అంటే చవక ఫోన్‌కు కూడా కోడ్ ఇవ్వవచ్చు.

అయితే ఇచ్చే కోడ్ ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. చాలాసార్లు వచ్చేది ఒకే పెద్ద కట్ట. ఏ మార్పు ఎప్పుడు, ఎందుకు చేశారో చెప్పే చరిత్ర అందులో ఉండదు. ఆ మోడల్‌కు కెర్నల్‌ను ఏ సెట్టింగులతో కట్టాలో చెప్పే డెఫ్‌కాన్ఫిగ్ ఫైలు కొన్నిసార్లు ఉండదు. ఏ చిప్పు ఏ పిన్నుకు కలిసి ఉందో చెప్పే డివైస్ ట్రీ సగమే ఉంటుంది. కష్టపడి కడితే ఫోన్ లేస్తుంది, కెమెరా పనిచేయదు, వేలిముద్ర పట్టదు. కెమెరా లాంటి భాగాలను నడిపే కోడ్‌లో చాలా భాగం జీపీఎల్ కిందికి రాదు. అది బ్లాబ్ రూపంలో, చదవడానికి వీల్లేకుండా వస్తుంది. ఆండ్రాయిడ్ పై పొర ఎక్కువగా అపాచీ లైసెన్సు కింద ఉంది కాబట్టి కంపెనీ చేసిన మార్పులు చూపించక్కర్లేదు.

పూర్తి కోడ్ విలువేమిటో ఖరగ్‌పూర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంజన్‌కు డ్రాయింగులు ఎలాగో, ఫోన్‌కు కోడ్ అలాగ. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డది రైల్వే పనులను నమ్ముకునే. వర్క్‌షాప్‌లోనూ డీజిల్ షెడ్‌లోనూ వాళ్ల చేతుల మీదుగా వెళ్లిన ఇంజన్లలో డబ్ల్యూడీఎం-2 ఒకటి. దాని మూలం అమెరికాలోని ఆల్కో కంపెనీ. 1960ల మొదట్లో టెక్నాలజీ బదిలీ ఒప్పందం చేసుకుని, 1964 నుంచి వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో ఆ ఇంజన్లను మనమే తయారుచేశాం. 1969లో ఆల్కో ఇంజన్ల తయారీ మానేసింది. కన్న కంపెనీ చేతులెత్తేసినా మన ఇంజన్ ఆగలేదు. డ్రాయింగులు మన దగ్గర ఉన్నాయి, విడిభాగాలు ఇక్కడే చేసుకున్నాం, దశాబ్దాల పాటు పీవోహెచ్ (నిర్ణీత కాలానికోసారి చేసే పూర్తి మరమ్మతు) చేసుకుంటూ నడిపాం, అదే డిజైన్ నుంచి ఇంకా శక్తిమంతమైన రకాలు తీశాం. ఫోన్లలోనూ ఇలాంటిదే జరిగింది. మైక్రోమ్యాక్స్ వాళ్ల యూ యురేకా ఫోన్ సయనోజెన్ ఓఎస్‌తో వచ్చింది. 2016 డిసెంబర్ 31 నాటికి సయనోజెన్ కంపెనీ సేవలు మూతపడ్డాయి. కానీ ఆ ఓఎస్‌కు మూలమైన సయనోజెన్‌మాడ్ కోడ్ అందరిదీ కాబట్టి వాలంటీర్లు దాన్ని లీనియేజ్ఓఎస్ పేరుతో కొనసాగించారు, ఇప్పటికీ నడుస్తోంది.

ఇక్కడిదాకా వచ్చాక, కంపెనీలన్నీ కోడ్ ఇచ్చేస్తే చాలు అనిపిస్తుంది. చాలదు. ఆల్కో ఇంజన్ విషయంలో డ్రాయింగులతో పాటు మనకు ఇంకొకటి ఉంది: ఇంజన్ విప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫోన్‌ను లేపే మొదటి ప్రోగ్రామ్ బూట్‌లోడర్‌కు మాత్రం తాళం ఉంది. ఆ తాళం తీయకపోతే, ఎంత చక్కగా కట్టిన రోమ్ అయినా ఫోన్లోకి ఎక్కదు. కోడ్ ఇచ్చి తాళం వేసే పద్ధతి టీవో అనే రికార్డర్ కంపెనీతో వివాదమైంది. అందుకే 2007లో వచ్చిన జీపీఎల్ మూడో వెర్షన్, వినియోగదారుకు అమ్మిన పరికరంలో మార్చిన కోడ్‌ను ఎక్కించుకునే వివరాలు కూడా ఇవ్వాలంది. లినక్స్ కెర్నల్ మాత్రం రెండో వెర్షన్ దగ్గరే ఉండిపోయింది. ఫలితం మనం చూస్తున్నదే. శాంసంగ్, షావోమీ రెండూ కెర్నల్ కోడ్ పెట్టడానికి వెబ్‌లో చోటు కేటాయించాయి. తాళం మాటకొస్తే షావోమీ ఏటికేడు నిబంధనలు బిగించింది. శాంసంగ్ 2025లో వన్ యూఐ 8తో అన్‌లాక్ అవకాశాన్నే తీసేసింది. కోడ్ ఇచ్చినంత మాత్రాన ఫోన్ మనది కాదు. అందుకే ఇకమీదట ఈ కాలమ్ మొదట అడిగేది తాళం చెవి.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో బరువైనది భద్రత. తాళం తీసిన ఫోన్ దొంగ చేతిలో పడితే? కొత్త యజమాని కళ్లకు కనపడని నిఘా సాఫ్ట్‌వేర్ ఎక్కించి అమ్మితే? ఈ భయం నిజమైనదే. సమాధానమూ ఉంది. ఆండ్రాయిడ్‌లో తాళం తీస్తే ఫోన్లోని డేటా మొత్తం చెరిగిపోతుంది, స్టార్ట్ చేసినప్పుడల్లా స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది. పిక్సెల్ ఫోన్లలో అయితే మన సొంత కీతో మళ్లీ తాళం వేసుకోవచ్చు. నిజానికి అప్‌డేట్‌లు ఆగిపోయి, తెలిసిన లోపాలతోనే తిరిగే ఫోన్ కంటే, చూసుకునేవాళ్లున్న రోమ్ భద్రం. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: తాళం తీసిన ఫోన్లో బ్యాంకు యాప్‌లు కొన్ని పనిచేయవు. కూరగాయల బండి దగ్గర కూడా యూపీఐ నడిచే రోజుల్లో ఇది చిన్న ఇబ్బంది కాదు. కాబట్టి వాడే ప్రతి ఫోన్‌కూ రోమ్ మార్చమని నేను చెప్పను. కంపెనీ వదిలేసిన ఫోన్‌కు ఆ దారి తెరిచి ఉంచమంటున్నాను. పిల్లల చదువుకో, పాటలకో, ఇంట్లో నిఘా కెమెరాకో పనికొచ్చే వస్తువును చెత్తలో వేయించే హక్కు తయారీదారుకు లేదు.

మన ప్రభుత్వం 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, అందులో మొబైల్ ఫోన్లూ ఒక రంగం. 2025 జూన్ 20 నుంచి యూరప్‌లో, మోడల్ అమ్మకం ఆగాక కూడా అయిదేళ్లు అప్‌డేట్‌లు ఇవ్వాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. మనం అడగవలసింది ఇంకా సులువైనది, కంపెనీకి ఖర్చు తక్కువది: ఏ రోజు అప్‌డేట్‌లు ఆపితే ఆ రోజే పనిచేసే పూర్తి కెర్నల్ కోడ్, తాళం చెవి కొన్నవాడి చేతికి రావాలి. ఆ తర్వాతి పని మనది. డ్రాయింగులు వాటంతటవే ఇంజన్‌ను బాగుచేయలేదు, ఫిట్టర్లు చేశారు. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఓపెన్ సోర్స్ సొసైటీ ఏటా వింటర్ ఆఫ్ కోడ్ పెట్టి కొత్తవాళ్లకు కోడ్ రాయడం నేర్పుతోంది. ఆ నేర్పు క్యాంపస్ దాటి, గోల్‌బజార్ రిపేరు షాపుల్లో సాఫ్ట్‌వేర్ వేసే కుర్రాళ్లకూ చేరాలి. డివైస్ ట్రీ చదవడం, రోమ్ కట్టడం వాళ్లకు వస్తే, హక్కు కాగితం మీది నుంచి పనిలోకి వస్తుంది. వారణాసిలో చేసిన ఇంజన్లను బాగుచేసిన ఊరు, కంపెనీలు వదిలేసిన ఫోన్లను బాగుచేయలేదని నేను నమ్మను.