నొప్పి తెలిసిన కుట్టు

కీళ్లవాతం ఉన్నవాళ్లకు పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతాయి. ఆ వేళ జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం ఎంత నరకమో అమ్మను చూసి తెలుసుకున్నాను. మా వీధి టైలరమ్మ అది చెప్పకుండానే గ్రహించింది. పైకి హుక్కుల వరస కనిపించేలాగే ఉంచి, లోపల వెల్‌క్రో పట్టీ కుట్టింది. మంగళగిరి నూలుగుడ్డను రెండుసార్లు తడిపి, గంజి వదిలాకే కత్తెర పెట్టింది. చెయ్యి పైకెత్తితే భుజం లాగకుండా చంక కింద ఓ ముక్క అతికించింది. కుట్టు అంచులు ఒంటికి రాసుకోకుండా లోపలికి మడిచింది. లంగాకు బొందు బదులు వెడల్పాటి ఎలాస్టిక్. ఎంత ఆలోచన!

ఇప్పుడు అమ్మ ఎవరినీ పిలవకుండా తనే తయారవుతోంది. మీ ఇంట్లోనూ ఇలాంటి నొప్పితో ఉన్నవాళ్లుంటే, కొలతలకంటే ముందు ఎక్కడ నొప్పో టైలరుకు చెప్పండి.