అభ్యసన దృష్టితో 'అసమర్థుని జీవయాత్ర'

త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పేర్కొనడం పరిపాటి. సీతారామారావు పతనానికి కారణాన్ని అంతశ్చేతనలో వెదకడమూ అంతే పరిపాటి. అయితే అతని అసమర్థత పుట్టుకతో వచ్చినది కాదు, నేర్చుకున్నది. ఈ అంశాన్ని అభ్యసన మనోవిజ్ఞానం మరింత స్పష్టంగా వివరించగలదు.

వంశప్రతిష్ఠను నిలబెట్టమని చనిపోతూ తండ్రి చెప్పిన మాటను సీతారామారావు ఆజ్ఞగా స్వీకరించాడు. బంధువులకు ఆస్తి ధారపోసినప్పుడల్లా దక్కిన పేరు ఆ ప్రవర్తనను దృఢపరచింది. స్కిన్నర్ పునర్బలనమన్నది దీనినే. ఆస్తి కరిగాక పొగడ్త ఆగింది. బతుకుకు అవసరమైన మరో ప్రవర్తన అతనికి అలవడలేదు.

పిల్లల నైతిక వికాసంపై 1932లో ప్రచురించిన గ్రంథంలో పియాజే రెండు రకాల నీతిని గుర్తించాడు. మొదటిది పెద్దల నియమాన్ని మార్చరానిదిగా పాటించడం. రెండవది కారణాన్ని గ్రహించి, పరస్పర అంగీకారంతో పాటించడం. సీతారామారావు వయసు పెరిగినా మొదటిదానిని దాటలేదు.

అతడు నిరంతరం తర్కిస్తూనే ఉంటాడు కదా అన్న ఆక్షేపణకు తావుంది. కాని ఆ తర్కం ఎక్కువగా లోకాన్ని తప్పుపట్టి తనను సమర్థించుకోవడానికే ఉపయోగపడింది. తండ్రి మాటను విచారించడానికి కాదు.

ఈ నవలను గోపీచంద్ తన తండ్రి రామస్వామికి, 'ఎందుకు' అని అడగడం నేర్పినందుకు అంకితమిచ్చాడు. అంకితంలోని తండ్రి కొడుకుకు ప్రశ్నను నేర్పాడు. కథలోని తండ్రి నియమాన్ని మాత్రమే అప్పగించాడు. ఈ రెంటినీ కలిపి చదివినప్పుడు నవల ఒక వ్యక్తి బలహీనతను చిత్రించడంతో ఆగక, ప్రశ్నకు చోటులేని పెంపకాన్ని కూడా విమర్శిస్తున్నదని స్పష్టమవుతుంది.