ఏజెన్సీలో ‘ఏజెన్సీ’ ఎవరిది?

ఈమధ్య దళిత, ఆదివాసీ అధ్యయనాల్లో ‘ఏజెన్సీ’ అనే మాట లేకుండా పేపరు రావడం లేదు. ‘సబాల్టర్న్ ఏజెన్సీ’, ‘దళిత స్త్రీల ఏజెన్సీ’, ‘ఆదివాసీ ఏజెన్సీ’. తమ బతుకును తామే నడుపుకునే శక్తి అని అర్థం. బాగానే ఉంది. అదే మాట కురుపాం బస్టాండులో అని చూడండి. గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్ని చూపిస్తారు. మైదానం ఉద్యోగికి అది పనిష్మెంటు పోస్టింగు, పేపరోళ్లకి విషజ్వరాల వార్త. మనిషి శక్తికీ మనిషి బతికే కొండకీ ఒకే పేరెలా వచ్చిందని మన పరిశోధకులు అడగకపోవడమే మాకు అభ్యంతరం.

లాటిన్‌లో ‘అగెరె’ అంటే చేయడం, నడపడం. ఏజెంటు అంటే చేసేవాడు. ఇంగ్లీషులో ఈ మాట రెండు దారులు పట్టింది. తనంతట తాను చేసేవాడూ ఏజెంటే, ఇంకొకరి తరఫున చేసేవాడూ ఏజెంటే. యూనివర్సిటీలకు మొదటి అర్థం చేరింది. మన కొండలకు రెండోది చేరింది. చేరింది కాదు, ఎక్కించారు.

1830ల మొదట్లో పర్లాకిమిడి, విశాఖపట్నం జమీందారీల్లో తిరుగుబాట్లు లేస్తే మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్‌ని పంపింది. ఆయన సిఫార్సుల మీదే 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో పెద్ద భాగాన్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టారు. అక్కడ కలెక్టరు గవర్నరుగారి ఏజెంటు. ఆ ఏజెంటు ఏలే నేల ఏజెన్సీ. కురుపాం, మేరంగి, సాలూరు, పాచిపెంటలతో పాటు విజయనగరం, బొబ్బిలి జమీందారీలూ మొదట అందులోవే! బొబ్బిల్లో ఏ కొండ ఉందని? అంటే ఆ మాట అడవికి పెట్టింది కాదు, ఆదివాసికి పెట్టిందీ కాదు. సర్కారు తన చట్టం తనకే అడ్డొస్తుందనుకున్న చోటికి పెట్టుకున్న పేరు. తర్వాత మైదానపు జమీందారీలు బయటపడ్డాయి, పేరు మాత్రం కొండలకు అంటుకుపోయింది. 1924 ఏజెన్సీ రూల్స్‌లో కూడా దావా వినే అధికారి ‘గవర్నమెంటు ఏజెంటే’. చేసేవాడు ఆయన. జనం ఆయన చేతకింద ఉండేవాళ్లు.

ఐతే ఈ మాటని విసిరి పారేద్దామనీ మేం అనం. 1917 భూ బదిలీ చట్టం, 1959 ఒకటో రెగ్యులేషను, దాన్ని బిగించిన 1970 సవరణ ఈ గీత మీదే నిలబడ్డాయి. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటే చదువు రానివాళ్లకీ తెలుసు. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు ‘ఏజెన్సీ’ అనేది హక్కు పేరు కూడా అని తెలిసింది.

గీతన్నాక కోత కూడా ఉంటుంది. కురుపాం మండలంలోనే కొన్ని ఊళ్లు షెడ్యూల్డు ప్రాంతం, కొన్ని కాదు. 1976 నాటి తెగల జాబితాలో వాల్మీకుల పేరు పక్కన బ్రాకెట్లో ‘ఏజెన్సీ ప్రాంతాల్లో’ అని ఉంది. కొండ దిగితే తెగ కాదు! ఇక భూమి రెగ్యులేషను దృష్టిలో పైడి, రెల్లి కుటుంబాలూ సాహుకారూ ఒకటే, అందరూ గిరిజనేతరులే. దళిత అధ్యయనాలు ముందు తేల్చుకోవాల్సిన చిక్కు ఇది. దీన్ని దాటేసి ‘ఏజెన్సీ’ గురించి సెమినార్లు పెట్టడం మాకు వింతగా ఉంది.

సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటంలోనే (1982) డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం-రంప తిరుగుబాట్ల గురించి రాశాడు. ఆయన లెక్క మొదలుపెట్టిన ఏడూ 1839యే. మన తెలుగు చరిత్రల సంగతేంటి? 1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన సంఘం సభకు పోతున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల పక్షం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసులో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఈ కథ రాసేటప్పుడు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టార్లు ‘కదిలించినవాళ్లు’, సవరలు, జాతాపులు ‘కదిలినవాళ్లు’. మాస్టార్ల త్యాగం చిన్నది కాదు, 1970లో ప్రాణాలే ఇచ్చారు. కానీ వాక్యంలో కర్త స్థానం ఎవరికిచ్చారో చూడండి. ఏజెంటు మారాడు, ఏజెన్సీ మారలేదు.

‘కర్తృత్వం’ అని అనువదిస్తే సరిపోతుందంటారు కొందరు. సంస్కృత వ్యాకరణంలో కర్త స్వతంత్రుడే, ఆ స్వాతంత్ర్యం ఏ కులానికో వ్యాకరణం చెప్పదు. మాకైతే ‘చేవ’ నచ్చుతుంది. చెట్టు లోపల గట్టిపడేది చేవ, బయటివాళ్లు ఇచ్చేది కాదు. ఇదీ తెలుగు మాటే అనుకోండి. సవరలో ఏమంటారు? గిడుగు రామమూర్తి గారి సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనే అచ్చయింది. దాన్ని తెరవాలి, అంతకంటే ముందు సవర విద్యార్థుల్ని అడగాలి.