కనుమలకు రెండు పటాలు

పశ్చిమ కనుమల్లో ఏ నేలను కాపాడాలో తేల్చమని కేంద్ర పర్యావరణ శాఖ రెండు బృందాలను అడిగింది. మాధవ్ గాడ్గిల్ కమిటీ 2011లో, ఇస్రో మాజీ అధ్యక్షుడు కస్తూరిరంగన్ బృందం 2013లో నివేదికలిచ్చాయి. పటం గీయడానికి రెండు బృందాలూ ఉపగ్రహ సమాచారాన్ని వాడాయి. వచ్చిన పటాలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేనివి.

గాడ్గిల్ కమిటీ కనుమలను దాదాపు 2,200 గడులు చేసింది. గడి ఒక్కోవైపు సుమారు 9 కిలోమీటర్లు. అక్కడ తప్ప మరెక్కడా పెరగని మొక్కలు, ముప్పులో ఉన్న జంతువులు, ఏటి ఒడ్డు అడవి, ఎత్తు, వాలు అన్నింటికీ మార్కులు వేసి, సగటును బట్టి మూడు జోన్లుగా విడదీసింది. ఇది మోటు లెక్కే. 81 చదరపు కిలోమీటర్లలో కొండకొమ్మూ ఉంటుంది, లోయలో వరిమడీ ఉంటుంది. రెండింటికీ ఒకే రంగు వేస్తే రైతు బెదరడం సహజం. అయితే ఈ గీతలే చివరివని కమిటీ అనలేదు. తుది హద్దులు గ్రామసభలతో మాట్లాడి తేల్చాలంది.

కస్తూరిరంగన్ పటం చాలా నిశితమైనది. 24 మీటర్ల పిక్సెల్ అంటే ఒక్కో చుక్క ఆరు గుంటల లోపే. ఈ పనితనాన్ని తక్కువ చేయలేం. చిక్కంతా మొదటి విభజనలో ఉంది. జనం మార్చిన నేల 58 శాతమని తేల్చి పక్కన పెట్టి, మిగిలిన సహజ నేలలోంచే పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని ఎంచారు. అది మొత్తంలో 37 శాతం, దాదాపు 60 వేల చదరపు కిలోమీటర్లు. మరి ఊళ్ల మధ్య పారే ఏళ్లలోని చేపల సంగతి? కొడగులో కాఫీతోటల నడుమ నిలిచిన దేవరకాడుల (దేవుడి పేరిట కాపాడే అడవుల) సంగతి? మంచినీటి జీవులకే ముప్పు ఎక్కువనీ, అవి ఎక్కువగా ఆ పక్కన పెట్టిన నేలలోనే ఉన్నాయనీ గాడ్గిల్ 2013లోనే బహిరంగ లేఖ రాశారు. నాకు ఆ అభ్యంతరం న్యాయంగానే తోస్తుంది. చుక్క ఎంత చిన్నదైనా, అడగని ప్రశ్నకు జవాబివ్వదు.

కస్తూరిరంగన్ పద్ధతిలో ఇంకో సంగతి. ఊరి విస్తీర్ణంలో 20 శాతం సున్నితమని తేలితే ఊరంతా సున్నిత గ్రామాల జాబితాలోకి వస్తుంది. ఆరు గుంటల దాకా వెళ్లిన లెక్క అక్కడ మళ్లీ మోటుబారింది. 4,156 గ్రామాలను పేరుపేరునా చెప్పడం మాత్రం మేలే. తన ఊరు జాబితాలో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు.

వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడిన మర్నాడు, 2024 జూలై 31న, సున్నిత ప్రాంతాన్ని ప్రకటించేందుకు కేంద్రం ఆరో ముసాయిదా ఇచ్చింది. దానికీ కస్తూరిరంగన్ పటమే ఆధారం. మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లాలో 25 గ్రామసభలు తమ ఊళ్లను సున్నిత ప్రాంతంగా ప్రకటించమని తామే తీర్మానించిన సంగతి గాడ్గిల్ నివేదికలో ఉంది. అలాంటి సభల ముందు ఈ నిశితమైన పటాన్ని పరిచి, ఏళ్లనూ దేవరకాడులనూ వాళ్ల చేతే గుర్తు పెట్టించాలి. తర్వాతి ముసాయిదాకు ముందు జరగాల్సిన పని అది.