చెల్లే దేవుళ్లు

పాత నాణేలు చూసే అలవాటున్నవాళ్లు మొదట అక్షరాల జోలికి పోరు, బొమ్మ చూస్తారు. మా ముఖలింగం నుంచి ఏలిన తూర్పు గంగుల బంగారు పణం అటూ ఇటూగా అర గ్రాము. ఆ చిన్న బిళ్ళ మీద కాళ్లు ముడుచుకు పడుకున్న నంది, పైన నెలవంక. తిప్పితే ‘స’ అక్షరం, దాని కింద రాజు ఏలుబడి సంవత్సరం అంకె. అంకె లెక్కలు రాసే కరణానికి, నంది అందరికీ.

ముఖలింగం శివక్షేత్రం, నంది ఉండక ఏముంటుంది అనుకోవచ్చు. కానీ 1078లో పట్టమెక్కిన అనంతవర్మ చోడగంగ పూరీలో జగన్నాథుడి గుడికి పునాది వేశాడు. రాజుల భక్తి విష్ణువు వైపు మళ్లింది. పణం మీది నంది మాత్రం లేవలేదు.

ఏథెన్సువాళ్లూ ఇంతే. వాళ్ల పెద్ద వెండి నాణెం 17 గ్రాముల పైచిలుకు. ఒకవైపు ఎథీనా దేవి, రెండోవైపు ఆమె గుడ్లగూబ. క్రీ.పూ. 5వ శతాబ్దంలో అక్కడి శిల్పులు జీవం ఉట్టిపడే విగ్రహాలు చెక్కుతున్నారు. నాణెం మీది ఎథీనాకు మాత్రం ముఖం పక్కకి, కన్ను ఎదురుగా, అదే పాతకాలపు తీరు. సముద్రం అవతలి వర్తకుడు ఆ ముఖాన్ని ఎరుగును, మారిస్తే అనుమానిస్తాడు.

బజారు మారితే దేవుడూ మారతాడు. క్రీ.పూ. 180 ప్రాంతంలో అగాథొక్లీస్ అనే గ్రీకు రాజు చదరపు వెండి నాణేలు వేయించాడు. అలాంటివి ఆరు 1970లో అఫ్ఘానిస్థాన్‌లోని ఐ-ఖానుమ్‌లో దొరికాయి. ఒకవైపు నాగలి, రోకలి పట్టిన బలరాముడు, గ్రీకు అక్షరాలు. మరోవైపు చక్రం పట్టిన వాసుదేవుడు, బ్రాహ్మీ అక్షరాలు. అక్షరం రాని మనిషికీ నాగలి చూస్తే ఆయనెవరో తెలుస్తుంది.

నాకు అర్థమైంది ఇదీ: గుడిలో దేవుణ్ణి భక్తి నిలబెడుతుంది, నాణెం మీది దేవుణ్ణి పుచ్చుకునేవాడి నమ్మకం ఎంచుతుంది.

భావనపాడు ఒడ్డున చేపలమ్మే అమ్మకి పది రూపాయల బిళ్ళ ఇచ్చి చూడండి. “ఇది సెల్దు బాబూ, నోటియ్యి” అంటుంది. అప్పటికి వచ్చిన పది రూపాయల బిళ్ళలు 14 రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. అయినా ఆమెది మొండితనం కాదు. బొమ్మ ఒక్కో బిళ్ళ మీద ఒక్కోలా ఉంటే ఏది నమ్మాలి? గంగులు నందిని కదపకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదేమో.