చేతిలో నిలిచిన కొలత

నాయన రాయిని చూసే ముందు వింటాడు. సుత్తెతో ఓ చోట తట్టి చెవి ఒగ్గుతాడు, మరో చోట తడతాడు. గణగణ మోగితే సరే. మూగగా ఉంటే నపుంసక శిల, మూలవిరాట్టుకు పనికిరాదు. ఆ చెవి ఆయనకు ఇప్పటికీ ఉంది. పొద్దున తిన్న సద్ది మాత్రం గుర్తుండదు. సొంత మనవడు ఎదురొచ్చినా 'ఎవరి పిల్లోడివప్పా?' అంటాడు.

ఆళ్లగడ్డలో ఇలాంటి పెద్దోళ్లున్న ఇళ్లు మాదొక్కటే కాదు. అహోబిలం పోయే జనం మా ఊరి మీదుగానే పోతారు. దారి పక్క కొట్టాల్లో నరసింహస్వాములు, నందులు, నాయకుల నిలువెత్తు బొమ్మలు సగం చెక్కి కనిపిస్తాయి. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నాయన బొమ్మల్ని మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకైతే ఆయన చిన్ననాటిని చెప్పే తీరులోనే ఎక్కువ పనితనం కనిపిస్తుంది.

వంశం పేరుతోనో, పుట్టిన ఊరితోనో ఆయన మొదలుపెట్టడు. వాళ్ల నాయన కొట్టంలో కొలిమి తిత్తి ఊదడంతో మొదలుపెడతాడు. పిల్లోళ్లకు తొలి పని అదే. ఉలిని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, మొన నీళ్లలో ముంచి తీయాలి. తర్వాత మొన మీద రంగు గడ్డి పసుపు నుంచి నీలానికి తిరుగుతుంది. ఏ రంగు దగ్గర మళ్లీ ముంచాలో తెలియడమే విద్య. తొందరపడితే మొన పెళుసై విరుగుతుంది, ఆలస్యం చేస్తే మెత్తబడి మడత పడుతుంది. ఇదంతా చెప్పేటప్పుడు ఒక్క మెట్టు దాటడు, తిరగేసి చెప్పడు. భయమేసిందనో సంతోషమనిపించిందనో అనడు. నిప్పు రంగు చెబుతాడు, మనకే భయమేస్తుంది.

తర్వాత తాళమానం, అంటే విగ్రహం కొలతల లెక్క. అరచేయి ముఖానికి ఆనించుకుంటాడు: ముఖం ఒక తాళం, 12 అంగుళాలు. నుదురు 4, ముక్కు 4, ముక్కు కింది నుంచి గడ్డం దాకా 4. నవతాళమైతే నిలువు 108 అంగుళాలు, దశతాళమైతే 120. పెన్షన్ ఏ తేదీన వస్తుందో తెలియని మనిషి ఈ లెక్కలు తడుముకోకుండా చెబుతాడు.

జ్ఞాపకం చెదిరేటప్పుడు కొత్తవి ముందు పోతాయనీ, పాతవి నిలుస్తాయనీ ఫ్రాన్స్‌లో మనస్తత్వవేత్త తెయోడ్యూల్ రిబో 1881లోనే రాశాడు. కొత్త సంగతిని పట్టి నిలపడానికి మెదడులో హిప్పోకాంపస్ కావాలి. అల్జీమర్స్ జబ్బు మొదట్లోనే దెబ్బతీసేది ఆ చుట్టుపక్కలనే. చేతి నేర్పుకు మాత్రం వేరే దారుంది. 1953లో మూర్ఛకు చేసిన ఆపరేషన్‌లో హెన్రీ మొలైసన్ అనే రోగికి ఆ భాగం చాలామటుకు పోయింది. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయమని మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ అతనికి పరీక్ష పెట్టింది. రోజురోజుకూ అతని గీత కుదురుతూ వచ్చింది. నిన్న గీశానన్న సంగతే అతనికి తెలియదు.

కొట్టంలో మా తమ్ముడు స్వామి ముఖానికి కావి గీతలు పెట్టుకుంటుంటే నాయన వెనక నిలబడి, 'ముక్కు దిగిందిరా' అన్నాడు. కొలిచి చూస్తే దిగే ఉంది. గ్రైండర్ ఆపించి, గీత తానే దిద్దాడు. వేలు వణికింది గానీ గీత వణకలేదు.

ఇప్పుడు ముఖం గీతల దాకా వస్తే తమ్ముడు ఆయన్ను పిలుస్తాడు. సాయంత్రానికి అది మరిచిపోయి, 'నన్ను పనికి పిలవరేమిరా' అని నాయన కోప్పడతాడు. మర్నాడు మళ్లీ పిలుస్తాడు తమ్ముడు.